ఎన్ని ముద్దలు?

తన ఫోన్‌లో జాగా నిండిపోయిందని మా ఆవిడ అంటే పోయిన ఆదివారం కూర్చుని ఖాళీ చేస్తున్నాను. అక్కర్లేని వీడియోలు, గుడ్ మార్నింగ్ బొమ్మలు తీసేస్తూ పోతుంటే నోట్స్‌లో ‘చిట్టి’ అన్న పేరుతో ఒక పేజీ కనిపించింది. పాప టీకాల తేదీలేమో అనుకుని తెరిచాను.

“పొద్దున ఇడ్లీ ముక్కాలు. 11కి పాలు. మధ్యాహ్నం పప్పన్నం 4, రెండు ఊసేసింది. సాయంత్రం బొరుగులు గుప్పెడు. రాత్రి పెరుగన్నం 9!!”

ఆ తొమ్మిది పక్కన రెండు ఆశ్చర్యార్థకాలున్నాయి. కిందికి జరుపుతుంటే పేజీ అయిపోదు. సెప్టెంబరులో మొదలుపెట్టి ఏడు నెలలు, ఒక్క రోజు వదలకుండా రాసింది. జ్వరం వచ్చిన రోజున ‘0, 1, 0’ అని ఉంది. సంక్రాంతినాడు ‘వడ పై పెచ్చు మాత్రం’ అని ఉంది. ఏప్రిల్ మొదటివారంలో లెక్క ఆగిపోయింది.

తిరుపతిలో మాకొక చిన్న మెడికల్ షాపు ఉంది. రాత్రి షట్టర్ దించేముందు నేనూ రోజూ లెక్కే చూస్తాను. నా లెక్క తక్కువైతే నన్ను నిలదీసేవాళ్ళు లేరు. ఆమె లెక్క ఎవరికోసం రాసిందో మాత్రం నాకు బాగా తెలుసు. పలమనేరు నుంచి వాళ్ళమ్మ రాత్రి ఫోన్ చేస్తే మొదటి ప్రశ్న అదే. ఆమె బడి నుంచి వచ్చి హ్యాండ్‌బ్యాగ్ దించేలోపు మా అమ్మ చెప్పే మొదటి కబురూ అదే: “మధ్యాన్నం మూడే తినింది మ్మే.” ఇక నేను. రాత్రి పదింటికి ఇంటికొచ్చి, గడప దగ్గర చెప్పులు విప్పుతూ, పాప పడుకుందా అని కూడా అడక్కుండా, “తినిందా? ఎన్ని ముద్దలు?” అనేవాణ్ణి.

చిట్టికి ఇప్పుడు రెండేళ్ళ నాలుగు నెలలు. తినని పిల్లలు ఎలా ఉంటారో మీకు నేను కొత్తగా చెప్పక్కర్లేదు. మా పిల్ల ప్రత్యేకత తెలుపు. ఇడ్లీ, పెరుగన్నం, బొరుగులు, ఉప్పు వేసిన వట్టి అన్నం తింటుంది. దోశ అంచున కరకరలాడే భాగం తెల్లగా లేకపోయినా దానికి మినహాయింపు ఉంది. పచ్చగా ఏది కనిపించినా పనికిరాదు. కరివేపాకు ఒక్క రెబ్బ ఉంటే ఆ కంచం మొత్తం పోయినట్టే. వేలితో దాన్ని చూపించి, మొహం పక్కకి తిప్పి, మళ్ళీ ఇటు తిప్పదు.

ఈ విషయం మీద నా అభిప్రాయం ఈమధ్య మారింది. పసిపిల్లల తిండి దగ్గర మన ఇళ్ళలో జరిగే యుద్ధంలో సగం పైన, పెట్టేవాళ్ళకి మనం వేసే మార్కుల వల్లే వస్తుందని ఇప్పుడు అనుకుంటున్నాను. పెట్టేది దాదాపు ఎప్పుడూ తల్లే కాబట్టి మార్కులూ ఆమెకే. ఇలా అనడానికి నాకున్న అర్హత ఎనిమిది రోజుల అనుభవం. చాలా తక్కువే, ఒప్పుకుంటాను.

ఆకలి టానిక్

“అన్నా, బిడ్డ ఏమీ తిన్లా. ఆకలి టానిక్ ఏదన్నా ఉంటే ఇయ్యన్నా.”

వారంలో నాలుగైదుసార్లయినా ఈ మాట వింటాను. ఎక్కువగా వచ్చేది మగవాళ్ళే, ఇంట్లోవాళ్ళు పంపిస్తే. పిల్ల వయసెంత అంటే చెబుతారు. బరువెంత అంటే ఇంటికి ఫోన్ చేస్తారు. రోజంతా ఏం తింటుందో అడిగితే, “అదే అన్నా, ఏమీ తినదు” అంటారు.

వాళ్ళడిగే సిరప్పుల్లో ఎక్కువ వాటిలో ఉండేది సిప్రోహెప్టాడిన్. అసలది తుమ్ములకి, దురదలకి వాడే అలర్జీ మందు. నిద్రమత్తు, ఆకలి పెరగడం దాని పక్క గుణాలు. ఆ రెండో గుణం చూసి ఆకలి మందుగా వాడకంలోకి వచ్చింది. మొదటి గుణం ఎక్కడికీ పోలేదు. కొందరు పిల్లలు మూడు ముద్దలు ఎక్కువ తిని మధ్యాహ్నమంతా తూగుతూ ఉంటారు. రెండేళ్ళలోపు పిల్లలకి అది వెయ్యకూడదు, పెద్ద పిల్లలకైనా డాక్టరు చూసి రాయాలి. చీటీ లేనిదే నేనివ్వను. ఇవ్వనంటే కొందరు బాటిల్ కాకపోతే డబ్బా అయినా ఇమ్మంటారు, పాలలో కలిపే చాక్లెట్ పొడి. ఇలాంటి పొడులను ‘హెల్త్ డ్రింక్’ అన్న వర్గం కింద చూపించొద్దని 2024 ఏప్రిల్‌లో కేంద్ర వాణిజ్య శాఖ ఆన్‌లైన్ అమ్మకందార్లకి చెప్పింది. మన ఆహార భద్రత చట్టంలో ఆ మాటకి నిర్వచనమే లేదు. నా ర్యాకులో ఆ డబ్బాలు ఇప్పటికీ ఉన్నాయి. అడిగితే ఇస్తాను. ఇది మందు కాదు, ఇందులో చక్కెర బాగా ఉంటుంది అని చెప్పి మరీ ఇస్తాను. కొని వెళ్ళిపోతారు.

కౌంటర్ అవతల ఉన్నవాళ్ళకి ఒక చిన్న లెక్క చెబుతుంటాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ఇచ్చిన పట్టికల ప్రకారం ఆడపిల్ల బరువు పుట్టినప్పుడు మధ్యస్థంగా 3.2 కిలోలు, ఏడాదికి 8.9, రెండేళ్ళకి 11.5. మొదటి ఏడాది 5.7 కిలోలు పెరిగిన పిల్ల రెండో ఏడాది పెరిగేది 2.6 కిలోలే. పెరుగుడు సగానికి పడిపోతే ఆకలి మాత్రం అంతే ఎలా ఉంటుంది? మే నెలలో అమ్ముడుపోయినన్ని ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు డిసెంబరులో పోవు. నేను అంత సరుకు తెప్పించను కూడా. పిల్ల ఒళ్ళు కూడా అదే చేస్తోంది, మనమే స్టాకు దింపుతామని పట్టుబడుతున్నాం.

ఇంత బాగా చెప్పేవాణ్ణి, రాత్రి ఇంటికెళ్ళి “ఎన్ని ముద్దలు?” అని అడిగేవాణ్ణి. మా చిట్టి రెండో పుట్టినరోజుకి 10.6 కిలోలుంది. అంగన్‌వాడీ టీచర్ కార్డులో చుక్క పెట్టి, వెనకటి చుక్కతో కలిపి గీత గీసి, “పాప తన దోవన తాను పోతా ఉంది సార్, మీరెందుకు టెన్షన్ పడతారు?” అంది. ఆ కార్డు ఇంట్లో ఫ్రిజ్ మీదే ఉంటుంది. దాన్నెవరూ తెరవరు.

ఎనిమిది రోజులు

మా ఆవిడ పూతలపట్టు వైపు ఒక హైస్కూల్లో టీచరు. ఏప్రిల్లో టెన్త్ పేపర్లు దిద్దడానికి చిత్తూరులో స్పాట్ వాల్యుయేషన్ డ్యూటీ పడింది. పొద్దున ఆరున్నర బస్సుకి పోతే రాత్రి ఎనిమిదికి రావడం. డ్యూటీ ముందురోజు రాత్రి మా ఇద్దరికీ మాటా మాటా పెరిగింది. నాలుగు పేజీలు చదివిన ధైర్యంతో, “నువ్వు బలవంతం చేస్తావు కాబట్టే తినదు” అన్నాను. ఆమె గిన్నె కింద పెట్టి, “ఈ ఎనిమిది దినాలూ మీరు పెట్టండి. ఆ తర్వాత మాట్లాడదాం” అంది.

షాపు కుర్రాడికి కౌంటర్ అప్పగించి మధ్యాహ్నం ఒంటిగంటకి ఇంటికి రావడం మొదలుపెట్టాను. పొద్దున, రాత్రి కూడా నేనే.

మొదటి రోజు మధ్యాహ్నం పదిహేను నిమిషాలకే ఫోన్ తీసి చిట్టి చేతికిచ్చాను. అవును, నేనే. రోజూ మా ఆవిణ్ణి ఎందుకు ఇస్తావని తప్పుపట్టేవాణ్ణి. రెండో రోజు టమోటా పప్పన్నం నా చొక్కా మీద ఊసింది. గుమ్మంలోంచి మా అమ్మ, “ఇంగ రెండు పెట్టు నాయనా, రెండే” అంటోంది. ఆ ‘రెండే’ అన్న మాట పిల్ల కన్నా ముందు నన్ను తరుముతుందని అప్పుడు తెలిసింది. నోరు మూసుకున్న పిల్ల బుగ్గ నొక్కి ముద్ద తోశాను. ఏడ్చింది. మింగింది. లెక్కలో ఒకటి పెరిగింది.

మూడో రోజు అరగంట ముందే ఇంటికొచ్చాను. మా నాన్న వరండాలో కూర్చుని చొక్కా జేబులోంచి గ్లూకోజ్ బిస్కెట్ తీసి చిట్టి నోట్లో పెడుతున్నాడు. పక్కన నేల మీద ఖాళీ పాల గ్లాసు ఉంది. ఇద్దరూ నన్ను చూసి ఒకేలా ఉలిక్కిపడ్డారు. విచారిస్తే తేలింది, పదకొండింటికి గ్లాసుడు పాలు, పన్నెండున్నరకి మూడో నాలుగో బిస్కెట్లు, రోజూ. ఒంటిగంటకి ఆ పిల్లకి ఆకలి ఎక్కడినుంచి వస్తుంది? ఏడు నెలల లెక్కలో బిస్కెట్లు ఒక్కచోట కూడా లేవు, ఎందుకంటే అవి తాత ఖాతా.

1939లో క్లారా డేవిస్ అనే అమెరికన్ పిల్లల డాక్టరు ప్రచురించిన ఒక ప్రయోగం గురించి చదివాను. తల్లిపాలు మానిన పదిహేనుమంది పసిపిల్లల ముందు రకరకాల పదార్థాలు పెట్టి, ఏది ఎంత తినాలో వాళ్ళకే వదిలేసింది. వింతవింత కలయికలతో తిన్నా పిల్లలు చక్కగా పెరిగారు. ‘పిల్లలకి తెలుసు, వదిలెయ్యండి’ అనేవాళ్ళు ఈ ప్రయోగాన్ని తెగ చెబుతారు. ఆవిడే చెప్పిన కిటుకుని మాత్రం వదిలేస్తారు. ముందు పెట్టిన ముప్ఫైనాలుగు పదార్థాల్లో చక్కెర లేదు, బిస్కెట్ లేదు. అన్నీ మాంసం, గుడ్డు, ధాన్యం, కూరగాయలు, పండ్లు, పాలు లాంటివే. ఆ గదిలోకి మా నాన్న జేబుతో వచ్చి ఉంటే ఫలితం ఏమయ్యేదో!

నాన్నతో మాట్లాడటం కష్టమైంది. “మనవరాలికి బిస్కెట్ గూడా పెట్టకూడదంటే ఇంగ నేనెందుకు ఈ ఇంట్లో?” అన్నాడు. రెండు పూటలు నాతో మాట్లాడలేదు. చివరికి బిస్కెట్ సాయంత్రం నాలుగింటికి జరిగింది. పాలు పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి. ప్యాకెట్ జేబులోంచి స్కూటర్ డిక్కీలోకి మారింది. చిట్టికి ఇప్పుడు డిక్కీ తెరవడం వచ్చు.

నాలుగో రోజు నుంచి నా పద్ధతి మార్చాను. ఏం పెట్టాలి, ఎప్పుడు, ఎక్కడ అన్నది పెద్దవాళ్ళ పని, తినాలా వద్దా, ఎంత అన్నది పిల్లల పని అని ఎలిన్ సాటర్ అనే అమెరికన్ పోషకాహార నిపుణురాలు చెప్పిన సూత్రం ఒకటుంది. అందులో నాకు పూర్తిగా నచ్చనిది ఉంది, కాసేపాగి చెబుతాను. పాటించింది మాత్రం ఇంతే: చిట్టి నోరు మూస్తే నా చెయ్యి ఆగాలి.

ఆ మధ్యాహ్నం చింతపండు చారు, బీన్స్ కూర. రెండు ముద్దలు తిని నోరు మూసింది. “అయిందా? సరే” అని నా కంచం ముందుకి లాక్కుని తినడం మొదలుపెట్టాను. చిట్టి నన్నలాగే చూసింది. ఏదో ఆట నడుస్తోంది, అందులో నియమాలు ఎవరో మార్చేశారు అన్నట్టు చూసింది. ఒక నిమిషం ఎదురుచూసింది. ఇంకా ఎవరూ ఏమీ అనకపోయేసరికి చూపుడువేలు నా చారులో ముంచి నాకింది. మొహం చిట్లించింది. మళ్ళీ ముంచింది. బీన్స్ ముక్కని రెండు వేళ్ళతో పట్టుకుని ఎత్తి, తిరగేసి, నా కంచంలోనే పడేసింది. అంతే. లేచి వెళ్ళిపోయింది. ఆ రాత్రి పెరుగన్నం అడిగి మరీ తింది.

ఎనిమిది రోజుల్లో అద్భుతాలేమీ జరగలేదు. బీన్స్ తినలేదు. బరువు చూస్తే అంతే ఉంది. ఏడుపులు తగ్గాయి, భోజనం ఇరవై నిమిషాల్లో అయిపోయేది, అంతవరకే.

మరి నా అభిప్రాయం ఎందుకు మారింది? ఆ ఎనిమిది రోజుల్లో నన్ను ఒక్కరు కూడా “ఎన్ని ముద్దలు?” అని అడగలేదు కాబట్టి.

పై ఇంటి పెద్దావిడ మేడ మెట్లు దిగుతూ చూసి, “బిడ్డకి నువ్వే పెడతా ఉండావా నాయనా? మీ ఆమె ఏం పుణ్యం చేసిందో” అంది. మా అమ్మ నా కంచంలో అదనంగా అప్పడం వేసింది. మా అత్తగారు ఫోన్లో, “అల్లుడుగారు షాపు వదిలిపెట్టి వస్తున్నారంట, ఎంత శ్రమ!” అన్నారట. మా అమ్మ ఒకరోజు మా అక్కతో చెబుతుంటే విన్నాను: “వాడు పెడితే మూడు ముద్దలు తినింది.” మా ఆవిడ పెట్టిన రోజుల్లో అదే మూడుని “మూడే తినింది” అనేది. ఆ ఒక్క ‘ఏ’ కోసం మా ఆవిడ పిల్ల బుగ్గలు నొక్కింది, నేనూ నొక్కాను. నాకు ఆ అక్షరం తీసేశారు కాబట్టి నాలుగో రోజుకి చెయ్యి ఆపగలిగాను. ఆమెకి ఎవరు తీసేశారు?

చివరిరోజు రాత్రి ఆమె వచ్చింది. వేళ్ళకి ఎర్ర ఇంకు మరకలున్నాయి. ఊళ్ళోవాళ్ళ పిల్లలకి రోజంతా మార్కులు వేసి, తన మార్కులు వినడానికి ఇంటికొచ్చినట్టుంది. కాళ్ళు కడుక్కోకుండానే, “ఎన్ని తినింది?” అంది. “లెక్క పెట్టలేదు” అన్నాను. నమ్మలేదు. వంటింట్లోకి వెళ్ళి సింకులో చిట్టి గిన్నె చూసింది.

నోట్స్‌లో లెక్క ఆ ఎనిమిది రోజులు మొదలైనప్పటి నుంచే లేదు. పోయిన ఆదివారం నేను క్యాలిక్యులేటర్ తీసి పాత లెక్క కలిపాను. పూటకి సున్నా నుంచి తొమ్మిది దాకా ఎగిరెగిరి పడ్డ అంకెలు, వారం మీద వేసి చూస్తే నూట ముప్ఫైకి నూట యాభైకి మధ్యే తిరుగుతున్నాయి, జ్వరం వారం తప్ప. అమెరికాలో 1991లో వచ్చిన ఒక పరిశోధనలో రెండు నుంచి ఐదేళ్ళ పిల్లలు పదిహేనుమందిని ఆరు రోజులు గమనించి ఇలాంటిదే రాశారు. పూటకీ పూటకీ తిండిలో బోలెడు తేడా, రోజు మొత్తం చూస్తే పది శాతం చుట్టూ మాత్రమే. అయితే నా లెక్కని పరిశోధన అనకండి. ముద్దకి కొలత లేదు. మా అమ్మ ముద్ద నిమ్మకాయంత, మా ఆవిడది ఉసిరికాయంత.

అమ్మ చెప్పిన మాట

ఇదంతా ఒకరోజు మా అమ్మకి గొప్పగా వివరించాను. పిల్లలకి తమ ఆకలి తమకి తెలుసు, వద్దంటే వదిలెయ్యాలి, మీ కాలంలో ఆరుగురు పిల్లల వెంట ఎవరైనా తిరిగారా అని. మా అమ్మది వెదురుకుప్పం వైపు పల్లె. వాళ్ళింట్లో పొద్దున సంగటి ముద్ద, ఊరుబిండి. తింటే తిను, లేకపోతే పక్కనున్నవాడు తింటాడు. ఆ కథలు నాకు ఆమే చెప్పింది. కాబట్టి ఒప్పుకుంటుందనుకున్నాను.

అమ్మ చెనిక్కాయలు ఒలుస్తోంది. ఒలుపు ఆపలేదు. “మా చిన్న తమ్ముడు ఒగడుండె గదా, నీకు చెప్పినా. ఏడాదిన్నర. వాడూ ఇట్లే వద్దన్యాడు. మా యమ్మ కూలికి పోతా, వద్దంటే మేలే, సాయంత్రం పెడతానని పాయె. విరేచనాలు పట్టుకున్యాయి. మూడో దినం లేడు.”

నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు. విరేచనాల వల్ల పోయాడని, ముద్ద పెట్టకపోవడం వల్ల కాదని నాకు తెలుసు, ఓఆర్‌ఎస్ అమ్మేవాణ్ణి. ఆమెకీ తెలిసే ఉంటుంది. కానీ వద్దని నోరు మూసుకున్న పసివాడి మొహం అరవై ఏళ్ళుగా ఆమె లోపల ఉంది. గుమ్మంలో నిలబడి ‘ఇంగ రెండు’ అంటున్నప్పుడు ఆమె చూస్తున్నది చిట్టిని ఒక్కదాన్నే కాదేమో. మా కాలంలో పిల్లలు పేచీ లేకుండా తినేవాళ్ళు అని ఇప్పుడెవరైనా అంటే, తినకుండా పోయినవాళ్ళని ఎవరూ లెక్కేసుకోవడం లేదని నాకు అనిపిస్తుంది.

సాటర్ సూత్రంలో నాకు నచ్చనిది కూడా ఇక్కడే ఉంది. అది ఎత్తు కుర్చీలో కూర్చుని తన చెంచాతో తాను తినే పిల్లని ఊహించుకుంటుంది. మన దగ్గర అన్నం చేతి నుంచి నోటికి పోతుంది. కలిపేది ఒకరు, తినేది ఒకరు. మా ఆవిడ రాత్రిపూట చిట్టిని చంకనేసుకుని మేడెక్కి, కొండ మీద గాలిగోపురం దగ్గర వెలిగే నామాలు, ఘాట్ రోడ్డు మీద పాకుతూ పోయే బస్సుల దీపాలు చూపిస్తూ పెరుగన్నం పెడుతుంది. దృష్టి మళ్ళించి తినిపించకూడదంటారు కదా, ఫోన్‌కీ దీనికీ తేడా ఏముంది అన్నాను. “ఫోన్‌లో బొమ్మ ఆగదు. కొండ ఆగుతుంది. చిట్టి నా మొహం చూస్తుంది” అంది. వాదనలో గెలిచిందా అంటే చెప్పలేను. ఆ అలవాటు మాన్పించాలని మాత్రం నాకు లేదు. గోరుముద్ద పెట్టడంలో తప్పు లేదు. మూసిన నోటి ముందు ఆ చెయ్యి ఎంతసేపు నిలబడుతుందన్నదే నా పేచీ.

నేను తప్పు చెప్పిన రోజు

స్పాట్ వాల్యుయేషన్ అయిన కొత్తలో నాకు కాస్త తలకెక్కింది. టానిక్ అడిగినవాళ్ళకల్లా పాఠం చెప్పేవాణ్ణి. అలా వచ్చిన ఒకామెకి ఏడాదిన్నర బాబు. “ఏం కాదక్కా, వదిలెయ్యండి, ఆకలేస్తే వాడే తింటాడు. మందెందుకు?” అని పంపించాను. మంచి పని చేశానని ఆ రోజంతా సంతోషంగా ఉన్నాను.

మూడు వారాల తర్వాత వాళ్ళాయన ఐరన్ డ్రాప్స్ చీటీ తెచ్చాడు. బాబుకి హిమోగ్లోబిన్ ఏడు చిల్లర ఉందట. రోజుకి ఐదు సీసాలు పాలు తాగుతున్నాడట, దగ్గర దగ్గర లీటరు. పాలలో ఐరన్ చాలా తక్కువ, కడుపు మాత్రం నింపేస్తాయి, వేరే తిండిలోని ఐరన్ ఒంటికి పట్టకుండా అడ్డం కూడా పడతాయి. ఐరన్ తగ్గితే ఆకలే చచ్చిపోతుంది. అంటే వాడు తినకపోవడం పేచీ వల్ల వచ్చింది కాదు, జబ్బు. గోడ సున్నం గీరి తినేవాడని కూడా ఆయన అప్పుడు చెప్పాడు. నేను ఆవేళ అడిగి ఉంటే ఆమె చెప్పేది. అడగలేదు, పాఠం చెప్పే తొందరలో ఉన్నాను. పాలు అర లీటరుకి తగ్గించమని డాక్టరు చెప్పారట.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆరు నెలల నుంచి ఐదేళ్ళలోపు మన దేశపు పిల్లల్లో 67.1 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. మందుల షాపువాడిగా ఆ అంకె నాకు ముందే తెలుసు. తెలిసీ కౌంటర్ మీద చెయ్యానించి ‘ఏం కాదక్కా’ అన్నాను.

ఇప్పుడు ఎవరైనా వస్తే టానిక్ సంగతి తర్వాత, ముందు పాలెన్ని అని అడుగుతున్నాను. మట్టి, సున్నం, సుద్దముక్క లాంటివి తింటున్నాడా, మొహం పాలిపోయిందా, ఆడుకుంటున్నాడా, కార్డులో గీత పైకి పోతోందా పడుకుందా, ముద్ద మింగేటప్పుడు పొలమారుతుందా, మలబద్ధకం ఉందా, నులిపురుగుల మాత్ర ఇచ్చారా అని. వీటిలో ఏది తేడాగా ఉన్నా డాక్టరు దగ్గరికి పొమ్మంటున్నాను. అన్నీ బాగుంటే మాత్రం ఇంకొకటి అడుగుతాను: “ఇంట్లో బిడ్డకి పెట్టేదెవరు?” మొన్న ఒకాయన “ఆమే” అన్నాడు. నేనింకేం అనలేదు. నా మొహం చూసి ఏమనుకున్నాడో, “నాకు టైం యాడుందన్నా?” అన్నాడు.

అనపగింజలు, అంబలి

కొత్త రుచిని పిల్లలు ఒప్పుకోవాలంటే పది పదిహేనుసార్లయినా అది కంటపడాలంటారు. ఈ మాట విన్నాక నేను కొత్త లెక్కలో పడ్డాను. ముద్దల లెక్క పోయి ‘బీన్స్ ఏడోసారి’, ‘గుడ్డు నాలుగోసారి’ మొదలైంది. మా ఆవిడ నవ్వి, “నోట్స్‌లో రాసుకోండి” అంది.

కంటపడటం అంటే కంచంలో పడటం ఒక్కటే కాదని జనవరిలోనే గమనించి ఉండాల్సింది. సంక్రాంతి ముందు మా ఇంట్లో పితికిపప్పు చేస్తారు. అనపకాయలు ఒలిచి, గింజలు రాత్రంతా నీళ్ళలో నానేసి, పొద్దున ఒక్కొక్క గింజని రెండు వేళ్ళ మధ్య పితికితే తోలు వేళ్ళలో మిగిలి పప్పు టప్పున బయటికి దూకుతుంది. అమ్మ, మా ఆవిడ బేసిన్ చుట్టూ కూర్చుంటే మధ్యలో చిట్టి దూరింది. మొదటి గింజ ఎగిరి తాత కళ్ళద్దాలకి తగిలింది. చిట్టి నవ్విన నవ్వు వీధిలోకి వినిపించి ఉంటుంది. అరగంటకి పైగా కదల్లేదు. నోట్లో పెట్టుకోబోతే అమ్మ చెయ్యి పట్టుకుంది, అనపగింజ పచ్చిది తినకూడదు. కూరలో కారం వేసేముందు నాలుగు గింజలు తీసి, బాగా మెదిపి, చిట్టి గిన్నెలో పెట్టారు. పచ్చగానే ఉన్నాయి. “నాది” అంది. తింది. ఆ రోజు నోట్స్‌లో ‘పితికిపప్పు, వేలితో కొంచెం’ అని మాత్రమే ఉంది. ఎవరం దానికి ఆశ్చర్యార్థకం పెట్టలేదు.

మే నెలలో గంగజాతర. రాగిజావ అంటే ఏడాదిగా పారిపోయే పిల్ల. ఆ వారం ఒకరోజు చంకనేసుకుని జాతర చూడటానికి తీసుకెళ్ళాను. ఒళ్ళంతా సున్నపు చారలతో, కుంకుమ పూతలతో వేషాలవాళ్ళు పోతుంటే నా మెడ గట్టిగా పట్టుకుని చూస్తోంది. ఒక ఇంటి ముందు అంబలి పోస్తున్నారు. నేను తాగుతుంటే స్టీలు గ్లాసు రెండు చేతులా పట్టుకుని లాక్కుంది. సగం తాగింది, మిగతా సగం నా చొక్కాకి పోసింది. ఆ గ్లాసు ఖాళీ అవ్వాలని చూసేవాళ్ళు ఆ వీధిలో ఎవరూ లేరు. మర్నాడు ఇంట్లో అమ్మ అదే అంబలి కాచి, అదే రకం గ్లాసులో పోసి, ముగ్గురం చుట్టూ నిలబడి చూశాం. చిట్టి మా ముగ్గురి మొహాలూ చూసి, గ్లాసు పక్కకి జరిపింది.

ఇంట్లో ఇప్పుడు ఏం మారిందంటే పెద్దగా చెప్పుకోవడానికి లేదు. కొన్ని రాత్రులు, ఆదివారాలు నేను పెడుతున్నాను. అత్తగారు ఫోన్ చేస్తే నేనెత్తుతున్నాను. గడప దగ్గర ఆ ప్రశ్న మానేశాను, అప్పుడప్పుడు నాలుక చివరిదాకా వస్తుంది. అమ్మ ఇప్పటికీ ‘ఇంగ రెండు’ అంటుంది. ఆమెని మానమనలేను.

నిన్న రాత్రి అమ్మ మర్చిపోయి చిట్టి పెరుగన్నంలో తిరగమోత వేసింది. మొదటి ముద్దలోనే కరివేపాకు. మా ఆవిడ గిన్నె మార్చడానికి లేవబోతే ఆగమన్నాను. చిట్టి దాన్ని చాలాసేపు చూసింది. రెండు వేళ్ళతో ఎత్తి, నా కంచం దాకా మోసుకొచ్చి, అన్నం మీద పెట్టి, నేను తింటానా లేదా అని నోటివైపు చూస్తూ నిలబడింది.